కోడాక్ పాకెట్ ఇన్‌స్టమాటిక్, 110 ఫిల్మ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ట్రంకుపెట్టెలోనో అటక మీదో పొడుగ్గా, సన్నగా ఉండే చిన్న కెమెరా దొరికినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కెమెరా పుట్టుక నుంచి, అందులో మిగిలిపోయిన రీలును ఏం చేయాలనే దాకా ఒకచోట చేర్చాను.

ఏ కెమెరా గురించి ఇదంతా?

1972 మార్చిలో అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీ ప్రకటించిన పాకెట్ ఇన్‌స్టమాటిక్ గురించి. మొదటి విడతలో 20, 30, 40, 50, 60 అనే ఐదు మోడళ్లు వచ్చాయి. మందం అంగుళం, చొక్కా జేబులో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలియదు. అన్నింటిలోనూ వేసే ఫిల్మ్ ఒకటే, 110 కాట్రిడ్జ్, అంటే ఫిల్మ్ ముందే నింపి ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా.

అన్నింట్లో సాదాసీదాది 20. దానికి ఫోకస్ తిప్పే పని లేదు, బ్యాటరీ లేదు. ఎండలో నిలబెట్టి బటన్ నొక్కడమే. అన్నింటికన్నా పై మెట్టు మీదున్న 60లో మాత్రం దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, వెలుతురును బట్టి తనంతట తానే సర్దుకునే షట్టర్ (ఫిల్మ్ మీద క్షణం పాటు వెలుతురు పడనిచ్చే తెర) ఉండేవి. మన చేతికి ఎక్కువగా వచ్చేవి కింది మోడళ్లే.

అంతకు ముందు ఇంత చిన్న కెమెరాలు లేవా?

ఉన్నాయి, ఇంకా చిన్నవి కూడా. వాల్టర్ జాప్ రూపొందించిన మినాక్స్ 1938లో లాత్వియా రాజధాని రీగాలోని వీఈఎఫ్ కర్మాగారంలో తయారైంది. దాని నెగెటివ్ 8×11 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. గూఢచారులు వాడిన కెమెరాగా పేరుపడింది అదే. యుద్ధం తర్వాత జపాన్‌లో 17.5 మిల్లీమీటర్ల ఫిల్మ్‌తో బొమ్మల్లాంటి చిట్టి కెమెరాలు కుప్పలుగా తయారయ్యాయి. మినోల్టా, మమియా, రోలై కంపెనీలు 16 మిల్లీమీటర్ల కెమెరాలు చేశాయి.

వీటిలో మంచివి ఖరీదైనవి, చవకవి ఆటబొమ్మలు. పైగా ఎవరి ఫిల్మ్ డబ్బా వారిదే. ఒకరి డబ్బా మరొకరి కెమెరాలో పట్టదు. ఊళ్లో స్టూడియో ఉన్నా ఆ రీలు కడిగేవాడు దొరకాలి కదా. కోడాక్ చేసిందల్లా చిన్న కెమెరాను మామూలు మనిషి దాకా తీసుకురావడం. అందుకు అది కెమెరాకన్నా ముందు ఫిల్మ్ డబ్బా మీద పనిచేసింది. 110 కథంతా ఆ డబ్బాదే అని నా గట్టి నమ్మకం.

డబ్బాలో ఫిల్మ్ పెట్టి అమ్మాలన్న ఆలోచన ఎక్కడిది?

35 మిల్లీమీటర్ల కెమెరాలో రీలు వేసిన ప్రతివాళ్లకూ ఆ భయం తెలుసు. ఫిల్మ్ అంచును స్పూలులో దూర్చాలి, పళ్లు సరిగ్గా పట్టాయో లేదో చూసుకోవాలి, అయిపోయాక వెనక్కి చుట్టాలి. చుట్టకుండా తలుపు తీస్తే పెళ్లి ఫోటోలన్నీ పోయినట్టే. చాలామంది కెమెరా కొనకపోవడానికి ఈ బెదురు కూడా కారణం.

దీనికి విరుగుడుగా కోడాక్ 1963లో 126 కాట్రిడ్జ్‌ను, దానితో మొదటి ఇన్‌స్టమాటిక్‌లను తెచ్చింది. ఆ కాట్రిడ్జ్ రూపకర్త హ్యూబర్ట్ నెర్విన్. ఈయన కథ నాకు చాలా ఇష్టం. యుద్ధానికి ముందు జర్మనీలో జైస్ ఐకాన్ కంపెనీలో కాంటాక్స్ 2 లాంటి కెమెరాలు రూపొందించిన ఇంజినీరు. కాంటాక్స్ అంటే ఆ కాలంలో అత్యంత జటిలమైన యంత్రాల్లో ఒకటి. లోపలి షట్టర్ ఇత్తడి పలకలతో, పట్టు పట్టీలతో కట్టిన పనితనం. యుద్ధం తర్వాత అమెరికా వెళ్లి, చివరికి కోడాక్‌లో చేరాడు. యంత్రాన్ని ఎంత బిగువుగా కట్టవచ్చో తెలిసిన మనిషే, ఇంట్లో ఎవరైనా కళ్లు మూసుకుని వేసేయగల ప్లాస్టిక్ డబ్బాను కనిపెట్టాడు.

1970 నాటికి 5 కోట్లకు పైగా ఇన్‌స్టమాటిక్‌లు తయారయ్యాయి. దాంతో అదే పద్ధతిని ఇంకా కుదిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. దాని ఫలితమే 110. ఇది కూడా అంతే వేగంగా అమ్ముడైంది. మూడేళ్లు నిండకముందే రెండున్నర కోట్లకు పైగా పాకెట్ ఇన్‌స్టమాటిక్‌లు తయారయ్యాయి.

110 కాట్రిడ్జ్ లోపల ఏముంటుంది?

చేతిలో ఉంటే ఒకసారి దీపం కింద తిప్పి చూడండి. రెండు పక్కలా రెండు గుండ్రటి గదులు, మధ్యలో సన్నటి వంతెన. ఒక గదిలో కొత్త ఫిల్మ్ చుట్టి ఉంటుంది. ఫోటో తీసేకొద్దీ అది వంతెన మీదుగా రెండో గదిలోకి వెళ్లి చుట్టుకుంటుంది. అయిపోయాక వెనక్కి చుట్టే పని లేదు, డబ్బా తీసి స్టూడియోలో ఇచ్చేయడమే. పొరపాటున మధ్యలో తలుపు తీసినా వంతెన దగ్గరున్న ఒకటి రెండు ఫ్రేములే పోతాయి. గదుల్లో ఉన్నవి సాధారణంగా భద్రం.

ఫిల్మ్ వెడల్పు 16 మిల్లీమీటర్లు, ఫ్రేము 13×17 మిల్లీమీటర్లు. ఫిల్మ్ వెనకే నల్ల కాగితం ఒకటి నడుస్తుంది. దాని మీద అచ్చువేసిన అంకెలు డబ్బా వెనక ఉన్న చిన్న కిటికీలోంచి కనబడతాయి. ఎన్ని ఫోటోలు తీశామో చెప్పేది ఆ అంకెలే కాబట్టి కెమెరాలో లెక్కపెట్టే యంత్రం అక్కర్లేదు. రీలుకు 12, 20, 24 ఫోటోల రకాలు వచ్చేవి.

ఫ్రేముకు ఒక్కటే రంధ్రం ఉంటుంది. సినిమా రీలులోలాగా వరసగా ఉండవు. ఫిల్మ్‌ను ముందుకు జరిపే మీట తోసినప్పుడు ఆ రంధ్రం దగ్గరకు రాగానే కెమెరాలోని చిన్న కొక్కెం అందులో పడుతుంది, ఫిల్మ్ అక్కడే ఆగుతుంది. డబ్బా అంచున బయటికి పొడుచుకొచ్చిన ఒక ప్లాస్టిక్ పట్టీ కూడా ఉంటుంది. అది పొడుగ్గా ఉంటే తక్కువ వేగం ఫిల్మ్, పొట్టిగా ఉంటే ఎక్కువ వేగం (ఇక్కడ వేగమంటే వెలుతురును పట్టుకునే శక్తి). ఆ తేడాను పసిగట్టగలిగే కెమెరాలు షట్టర్‌ను దానికి తగ్గట్టు మార్చుకునేవి.

అంటే ఎన్నో ఫోటో, ఎక్కడ ఆగాలి, ఎంత వేగం అన్న మూడింటినీ డబ్బాయే చెప్పేస్తుంది. ఇక కెమెరాకు మిగిలింది ఒక కటకం, ఒక షట్టర్, ఒక మీట. దాని సరళతకు మూలం ఇదే.

రీలు లేకుండా బటన్ నొక్కితే షట్టర్ కొట్టుకోవడం లేదు. చెడిపోయినట్టేనా?

చాలామంది ఇక్కడే మంచి కెమెరాను పారేస్తున్నారు, దయచేసి ఆగండి. చాలా 110 కెమెరాల్లో షట్టర్‌ను ఎక్కుపెట్టేది ఫిల్మ్ రంధ్రంలో పడే కొక్కెమే. ఫిల్మ్ లేకపోతే కొక్కేన్ని లాగేది ఏదీ లేదు, అందుకే బటన్ మొండికేస్తుంది. వెనక తలుపు తీసి, ఫ్రేము కిటికీ పక్కన ఉన్న ఆ చిన్న కొక్కేన్ని అగ్గిపుల్లతో ఫిల్మ్ నడిచే వైపు మెల్లగా నెట్టి, మీట తోసి, అప్పుడు బటన్ నొక్కండి. "టిక్" మంటే షట్టర్ బతికే ఉన్నట్టు. బలం మాత్రం పెట్టవద్దు.

దీనికీ సి-41కీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజం. ఫిల్మ్ రీలు కడిగించే అలవాటు ఇప్పటికీ ఉన్నవాళ్లకు సి-41 అనే పేరు పరిచయమే. ప్రపంచంలో ఎక్కడ కలర్ నెగెటివ్ ఇచ్చినా కడిగేది ఆ పద్ధతిలోనే. దాన్ని కోడాక్ కోడాకలర్ 2 ఫిల్మ్‌తో పాటు, 110 కెమెరాల కోసమే 1972లో తెచ్చింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. 13×17 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను ఆనాటి మూడున్నర, నాలుగున్నర అంగుళాల ప్రింటుగా చేయాలంటే దాదాపు ఏడు రెట్లు పెద్దది చేయాలి. పాత కోడాకలర్ ఎక్స్ ఫిల్మ్‌తో అలా చేస్తే రవ్వలు తేలి బొమ్మ గరుకుగా కనిపిస్తుంది. కాబట్టి సన్నటి రవ్వ ఉన్న కొత్త ఫిల్మ్ కావాల్సి వచ్చింది, ఆ ఫిల్మ్‌కు కొత్త రసాయనాలు కావాల్సి వచ్చాయి. తర్వాత అదే పద్ధతి 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌కూ, అంతకన్నా వెడల్పైన 120 రీలుకూ పాకింది. పాకెట్ కెమెరాను వాడిపారేసే వస్తువుగా చూసేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. నేటికీ మనం తీసే ప్రతి కలర్ నెగెటివ్ రీలు ఈ చిన్న కెమెరాకు రుణపడి ఉంది.

మరి ఫోటోలు ఎందుకంత మసగ్గా ఉంటాయి?

మూడు కారణాలు, మూడూ కలిసి పనిచేస్తాయి.

మొదటిది విస్తీర్ణం. 35 మిల్లీమీటర్ల ఫ్రేము 864 చదరపు మిల్లీమీటర్లు, 110 ఫ్రేము 221. అంటే నాలుగో వంతు. ఫిల్మ్ ఎంత మంచిదైనా ఈ లెక్కను దాటలేదు. రెండోది, ఫిల్మ్ సమంగా పరుచుకుని ఉండేలా పట్టుకునే పని మామూలు కెమెరాలో వెనకనున్న లోహపు పలకది. ఇక్కడ ఆ పని చవక ప్లాస్టిక్ డబ్బాది. డబ్బా కాస్త వంగినా ఫోకస్ కదులుతుంది.

మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ అన్నింటికన్నా ఎక్కువ ఫోటోలను చెడగొట్టింది అదే. కెమెరా మరీ తేలిక. బటన్ నొక్కేటప్పుడు వేలి ఒత్తిడికే అది కిందికి వంగుతుంది. అంత తేలికైన, పొడుగాటి వస్తువును నెమ్మదైన షట్టర్‌తో కదలకుండా పట్టుకోవడం కష్టం. కోడాక్‌కు కూడా ఇది అర్థమైంది. తర్వాత వచ్చిన ఎక్ట్రా మోడళ్లలో మూత తెరిస్తే అదే పిడిలా చేతికి అందేలా చేసింది.

మంచి ఎండలో, మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీసినవి మాత్రం ఈనాటికీ ముచ్చటగా ఉంటాయి. అమ్మమ్మ చీర అంచు, వాకిట్లో ముగ్గు స్పష్టంగా తెలిసిన 110 ప్రింట్లు నేను చూశాను.

పైన గుచ్చే చిన్న క్యూబ్ ఏమిటి? దానికి బ్యాటరీ అక్కర్లేదా?

అది మ్యాజిక్యూబ్. నాలుగు వైపులా నాలుగు బల్బులు, ఒక్కోటి ఒక్కసారికే. బటన్ నొక్కగానే కెమెరాలోంచి ఒక చిన్న ముల్లు లేచి క్యూబ్ కింద బిగించి ఉన్న స్ప్రింగును విడిపిస్తుంది. ఆ స్ప్రింగు మందు నింపిన సన్నటి గొట్టాన్ని కొడుతుంది, బల్బు వెలుగుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు.

ఇబ్బంది మరోచోట. కెమెరా చిన్నది కాబట్టి ఫ్లాష్ కటకానికి బాగా దగ్గరగా ఉంటుంది. అందుకే ఆ ఫోటోల్లో పిల్లల కళ్లన్నీ ఎర్రగా వెలుగుతాయి. క్యూబ్‌ను ఎత్తులో పెట్టడానికి ఒక ప్లాస్టిక్ కాడ ఇచ్చేవారు. 1975లో వచ్చిన ఫ్లిప్‌ఫ్లాష్ ఇంకో దారి పట్టింది. నిలువు పట్టీలో వరసగా బల్బులు, పైసగం మాత్రమే వెలుగుతుంది. అవి అయ్యాక పట్టీని తలకిందులు చేసి గుచ్చితే మిగతా సగం. ఎప్పుడూ పై బల్బులే వెలుగుతాయి కాబట్టి కళ్ల ఎరుపు తగ్గేది.

110 కెమెరాలు కోడాక్ ఒక్కటే చేసిందా?

లేదు. దాదాపు అందరూ చేశారు. జర్మనీలో అగ్ఫామాటిక్ పాకెట్ మోడళ్లకు ఎర్ర బటన్ ఉండేది, కెమెరాను రెండు చివరలా పట్టుకుని లాగి మూస్తే ఫిల్మ్ జరిగేది. రోలై ఎ110లో టెస్సార్ కటకం పెట్టారు. 1975 నాటి కానన్ 110 ఈడీ ఫోటో మీదే తేదీ ముద్రించేది. 1976లో మినోల్టా జూమ్ కటకంతో ఎస్ఎల్ఆర్ (ఫోటో తీసే కటకంలోంచే దృశ్యాన్ని చూపించే కెమెరా) చేసింది.

అన్నింటిలోకీ నా మనసు దోచుకున్నది పెంటాక్స్ ఆటో 110. అరచేతిలో ఇమిడే అసలు సిసలు ఎస్ఎల్ఆర్. కటకాలు విప్పి మార్చుకోవచ్చు, 18, 24, 50 మిల్లీమీటర్లవి మొదట వచ్చాయి. అన్నింటిలోనూ వెలుతురు వచ్చే దారి ఒకే కొలత, ఎఫ్/2.8. కటకాల్లో కాంతిని తగ్గించే రేకులు ఉండవు, ఆ పని కూడా కెమెరా లోపలి షట్టరే చేస్తుంది. కటకాన్ని అంత చిన్నగా చేయగలిగింది అందుకే.

మన దగ్గర ఇవి ఎలా కనిపించాయి?

ఆ రోజుల్లో మన మధ్యతరగతి ఇళ్లలో కెమెరా అంటే అగ్ఫా క్లిక్-3. 120 రీలు, 12 ఫోటోలు, ఎక్కువగా నలుపు తెలుపు. 110 మాత్రం చాలావరకు సూట్‌కేసుల్లో వచ్చింది. 1970ల చమురు బూమ్ తర్వాత గల్ఫ్‌కు వెళ్లిన మన కోనసీమ, కడప, కరీంనగర్ వాళ్లు, అమెరికా వెళ్లిన డాక్టర్లు, ఇంజినీర్లు సెలవులకు వచ్చినప్పుడు టేప్ రికార్డరుతో పాటు ఇలాంటి కెమెరానూ తెచ్చేవారు. మా ఇంట్లోది చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చినది. ఇక్కడ రీలు దొరకడం, కడిగించడం కష్టం కాబట్టి వాడేసిన డబ్బాలను తిరిగి ఆయనతోనే పంపేవాళ్లం. ప్రింట్లు మళ్లీ ఎవరైనా వచ్చినప్పుడు అందేవి. అప్పుడు ఇల్లంతా ఒక్కచోట చేరేది.

అందుకే మన పాత ఆల్బమ్‌లలో నలుపు తెలుపుల మధ్య హఠాత్తుగా కొన్ని చిన్న రంగుల ఫోటోలు కనబడితే, అవి 110వి అయ్యే అవకాశం ఎక్కువ.

అంతగా అమ్ముడైన కెమెరా ఎందుకు మాయమైంది?

35 మిల్లీమీటర్ల కెమెరాలు తెలివిమీరాయి. 1977లో కోనికా సి35 ఏఎఫ్ తనంతట తానే ఫోకస్ చేసుకుంది. తర్వాత ఫిల్మ్ దానికదే ఎక్కడం, వెనక్కి చుట్టుకోవడం కూడా వచ్చాయి. డబ్బా చేసిన పనంతా కెమెరాయే చేస్తుంటే, నాలుగింతల పెద్ద నెగెటివ్‌ను ఎవరు వదులుకుంటారు?

కోడాక్ 1982లో ఇంకా చిన్న ఫ్రేముతో డిస్క్ కెమెరా తెచ్చి, దారి తప్పిందనే అంటాను. 1988కి దాని తయారీ ఆపేసింది. 110కి చివర్లో ఒక వింత పని దొరికింది. 1986లో ఫ్యూజీ జపాన్‌లో తెచ్చిన తన మొదటి వాడిపారేసే కెమెరాలో ఉన్నది 110 ఫిల్మే. మరుసటి ఏడాది కోడాక్ తెచ్చిన ఫ్లింగ్‌లో కూడా అదే.

ఇప్పుడు ఫిల్మ్ దొరుకుతుందా?

దొరుకుతుంది. 2009లో ఫ్యూజీ ఆపేశాక ఇక అయిపోయిందనుకున్నారు. 2012లో లోమోగ్రఫీ సంస్థ ఆర్కా అనే నలుపు తెలుపు ఫిల్మ్‌తో మళ్లీ మొదలుపెట్టింది, తర్వాత టైగర్ అనే కలర్ ఫిల్మ్ వచ్చింది. మన దేశంలో ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. కొనేముందు మీ ల్యాబ్‌ను ఒక ప్రశ్న అడగండి: 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ కడగగలరా, స్కాన్ చేయగలరా? సి-41 రసాయనం అదే అయినా, కడిగేటప్పుడు ఫిల్మ్‌ను చుట్టే చక్రం, స్కాన్ చేసేటప్పుడు పట్టుకునే చట్రం వేరు. చాలా ల్యాబులు అక్కడే చేతులెత్తేస్తాయి.

పాత కెమెరా కొంటే ఏం చూడాలి?

పైన చెప్పిన అగ్గిపుల్ల పరీక్ష ముందు. తర్వాత కటకాన్ని వెలుతురుకు ఎత్తి బూజు దారాలు ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ గది తెరవండి, పచ్చటి తుప్పు ఉంటే వదిలేయండి. కొన్ని కోడాక్ మోడళ్లకు 4.5 వోల్టుల 'కె' బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు అంగట్లో దొరికే సరుకు కాదు. మొదటిసారి కొనేవారికి నా సలహా బ్యాటరీ అక్కర్లేని సాదా మోడల్. షోకేసులో పెట్టుకోవడానికైతే ఏదైనా ఫరవాలేదు.

వాడేసిన పాత కాట్రిడ్జ్ దొరికింది. కడిగిస్తే బొమ్మ వస్తుందా?

వెనక కిటికీలో అంకె కనిపిస్తే రీలు సగంలో ఉంది. అంకెలు దాటిపోయి ఉంటే పూర్తయినట్టు. డబ్బాను పగలగొట్టి చూడవద్దు. దాని మీద సి-41 అని ఉంటే కలర్ నెగెటివ్. కోడాక్రోమ్ అని ఉంటే రంగుల్లో కడిగే రసాయన పద్ధతి ఇప్పుడు లేదు, నలుపు తెలుపులో ప్రయత్నించాలి.

మన వేడికి, ఉక్కకు రంగులు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అందుకే బాగా పాతవైతే కలర్ ఫిల్మ్‌ను కూడా నలుపు తెలుపులో కడగమని అడిగేవాళ్లున్నారు. ఫోటోలో మనుషులెవరో గుర్తుపట్టడమే ముఖ్యమైతే అది మంచి దారి.

నెగెటివ్‌లు ఉన్నాయి, ప్రింట్లు వెలిసిపోయాయి. ఏం చేయాలి?

ఈ ఒక్క పనీ వాయిదా వేయకండి. కెమెరా పోయినా ఇంకోటి కొనుక్కోవచ్చు, నెగెటివ్ పోతే అంతే. 1970ల కలర్ ప్రింట్లు ఎర్రబడినా, వాటి నెగెటివ్‌లో ఇంకా రంగు మిగిలి ఉండవచ్చు. కానీ ఆ నెగెటివ్‌లూ ఏటేటా వెలుస్తూనే ఉంటాయి.

ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 3200 డీపీఐ దగ్గర ఒక ఫ్రేము సుమారు 1600×2100 పిక్సెళ్లు వస్తుంది. ఫోనులో చూడటానికి, పోస్టుకార్డు సైజు ప్రింటుకు చాలు. అంతకన్నా మెరుగ్గా కావాలంటే లైట్ ప్యాడ్ మీద నెగెటివ్ పెట్టి మ్యాక్రో కటకంతో (చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి తీసేది) డిజిటల్ కెమెరాలో తీయండి. 110కి సరిపోయే హోల్డరు దొరక్కపోతే నల్ల అట్టలో 13×17 మిల్లీమీటర్ల కిటికీ కోసుకుంటే పని జరుగుతుంది. ఫిల్మ్‌ను అంచులే పట్టుకోవాలి, గుడ్డతో తుడవకూడదు, గాలి బుడ్డితో దుమ్ము ఊదితే చాలు.

పని అయ్యాక పాలిథిన్ సంచిలో కట్టి మళ్లీ అటకెక్కించకండి. తీరప్రాంతంలో ఉన్నవాళ్లకైతే ఒక్క వానాకాలం చాలు బూజు పట్టడానికి. కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో ఉంచండి. కవరు మీద పెన్సిలుతో ఏడాది, ఊరు, ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు రాయండి. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాయించుకోండి.